పుట్టగొడుగుకు యాడప్పా చోటు?

ఏర్పేడు రోడ్డు పక్కన చిన్నబ్బ టీ అంగడి. తడిగుడ్డ కప్పిన గంపను కాళ్ల దగ్గర పెట్టుకోని, బెంచీ మీద నుంచి రెబెకా అందుకునింది.

"టీ స్ట్రాంగుగా పెట్టు చిన్నబ్బ మామా, పొద్దున మార్కెట్లో ఆ సూపర్వైజరుకు బుద్ధి చెప్పొచ్చినా. పెద్దగా ఏం లేదులే, రెండే మాటలు. వరిగడ్డిలో నేను పెంచిన పుట్టగొడుగులు పెట్టుకోని కూరగాయల వరసలో కూర్చుంటే, 'లెయ్, ఇది నీచు, మాంసం వరసకు పో' అన్నాడు. ఆడికి పోతే కోళ్లు కొట్టేవాళ్లు 'దీనికి రక్తం యాడుండాది, ఈడ వద్దు' అన్నారు."

"నువ్వేమన్నావు మరి?" అన్నాడు చిన్నబ్బ.

"ఊరుకుంటానా! డిగ్రీలో మూడేండ్లు డిబేట్ కప్పులు మోసుకొచ్చినదాన్ని. 'సార్, పుట్టగొడుగు చెట్టూ కాదు, జంతువూ కాదు. శిలీంధ్రాలని దానికి వేరే రాజ్యమే ఉండాది. ఆ మాటకొస్తే వంకాయ కంటే మేకకే దగ్గిర చుట్టం' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఆయన క్యారియరు మూత నేనే తీసినా. పెరుగన్నం! 'పాలను పెరుగు చేసిందెవురు సార్? బ్యాక్టీరియా. చెట్లు, జంతువులు, పుట్టగొడుగులు అంతా కలిసి ఒక డొమైను, అంటే రాజ్యాలన్నిటికీ పైన ఉండే పెద్ద గుంపు అయితే, వీటిది ఇంకో డొమైను. అంత దూరపోళ్లను కోట్లకొద్దీ కడుపులో కూర్చోబెట్టుకుంటావు, నా పుట్టగొడుగు నీ పక్కన కూర్చుంటే మైలపడతావా?' అన్నాను."

"అబ్బో!" అన్నాడు ఆటో నడిపే మునిశేఖర్.

"ఉండబ్బా, ఇప్పుడే అయిపోలా. పెరుగులోంచి కోటి గొంతులు 'అవునవును' అనినాయి. బయట ఆవు కడుపులో గ్యాసు పుట్టించే ఆర్కియా అనే సూక్ష్మజీవులు ఉంటాయే, మూడో డొమైనువి, 'మమ్మల్ని ఎవురూ లెక్కలోకే తీసుకోరు' అని రెచ్చిపోయినాయి. ఆవు బెలూను మాదిరి మిద్దెల మీదకు లేసింది! మాంసం వరసలోంచి ఒక మేక తాడు తెంపుకోనొచ్చి, నా గంపను చూపించి 'ఇది మా పెదనాయన బిడ్డ' అనింది. అంతే, పుట్టగొడుక్కి రోషం వచ్చి పెరగబట్టింది. మార్కెట్టు రేకులు లేచిపోయినాయి. ఎనిమిది చిత్తూరు బస్సులు దాని నీడలో నిలబెట్టినారు. వానొస్తే అలిపిరి మెట్లెక్కే జనమంతా దాని కిందికే వచ్చినారు. నీది ఏ కులం, నీది ఏ వరస అని ఒక్కరూ అడగలా! అప్పుడు సూపర్వైజరు చేతులు కట్టుకోని 'అమ్మా, యాడ కావాలంటే ఆడ కూర్చో' అన్నాడు."

మునిశేఖర్ వంగి గంప మీది గుడ్డ తీసినాడు. పన్నెండు ప్యాకెట్లు, కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

"ఎనిమిది బస్సులకు నీడిచ్చింది ఇదేనా అక్కా? పొద్దున నువ్వు పోయింది నా ఆటోలోనే గదా, నేనూ ఆడనే ఉంటిని. ఆయన 'లెయ్' అంటే గంపెత్తుకోని లేసినావు. ఒక్క మాట మాట్లాడలా."

రెబెకా గుడ్డ మళ్లీ సరిగ్గా కప్పింది.

"మాట్లాడలా. రేపు మళ్లా పోతా, ఆ వరసలోనే కూర్చుంటా. ఇంతసేపు చెప్పిందంతా రేపటికే. పెరుగు మాట ఎట్లుండాది?"

"బాగుండాది" అన్నాడు చిన్నబ్బ, టీ అందిస్తూ. "మేక చుట్టరికం మాత్రం ఎత్తబాకమ్మా. మాంసం వరసకే తోస్తాడు."

"ఎత్తుతా మామా. నిజం గదా అది! మేకకే కాదు, ఆ సూపర్వైజరుకు గూడా చుట్టమే. రేపు నోరు తెరిస్తే మొదటి మాట అదే. ఆటో ఎన్నింటికి తెస్తావు, మునిశేఖరా?"