ఆవిడగారి టియర్‌డౌన్

సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఇద్దరు టెస్టర్లు ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నారు.

“నేనూ, ఆ పక్క సీటావిడా ఒకేరోజు చేరాం. మేనేజర్ పొగడ్తలన్నీ ఆవిడగారికే!”

“నీకు కుళ్లురా.”

“కుళ్లేంటి? ఆవిడ టెస్టులకి చివర్లో అంతా శుభ్రం చేసే టియర్‌డౌనే లేదు. టెస్టు కోసం డేటాబేస్‌లో ఓ ఉత్తుత్తి కస్టమర్‌ని సృష్టిస్తుంది, పనయ్యాక తీసెయ్యదు. తిన్న కంచం అక్కడే వదిలేసి లేచిపోయినట్టు!”

“అయితే వెళ్లి చెప్పు.”

“చెప్పడమెందుకు? ఆవిడ టెస్టుల చివర ఆ కస్టమర్‌ని తీసేసే లైను నేనే రాసేశా. మేనేజర్‌కే చూపిస్తా. ఒకసారి అన్నీ రన్ చెయ్.”

“చేశా. ఆవిడవన్నీ పాసయ్యాయి.”

“మరి ఆ ఫెయిలై ఎర్రగా కనిపిస్తున్నవి?”

“నీవే. కస్టమర్ దొరకలేదట. నీ టెస్టుల మొదట్లో, సెటప్‌లో, కస్టమర్‌ని సృష్టించే లైనేదిరా?”

“అంటే... ఇన్నాళ్లూ?”

“ఇన్నాళ్లూ నీ టెస్టులు ఆవిడ ఎంగిలి కంచంలోనే తిన్నాయి.”

“నా లైను తీసెయ్ రా. ఆవిడ వచ్చేలోపే.”