జెండా పండగనాడు మీ అమ్మ పుట్టినాది

“అమ్మమ్మా, రేపు బళ్లో ప్రేయర్ కాడ నాను మాటాడాల. ఆగస్టు పదిహేనున ఏటేటి జరిగినాయో, ఎవులెవులు పుట్టినారో సెప్పమన్నారు టీచరమ్మ. నీకేటన్నా గుర్తున్నాదా?”

నన్నడుగుతావేటే గుంటా, సెల్లు సేతిలో ఎట్టుకోని? ముందు అందులో ఏటున్నాదో సదువు, ఇంటాను.

ఊఁ. మన దేశానికి సొతంత్రం, అది ఎవులికి తెలీదు? ఆఁ... కొరియా? అదెక్కడున్నాదో నాకు తెలీదు గానీ, ఆల్లకీ ఆ దినమే ఇడుదలంట, బాగున్నాది. పెద్ద యోగి ఒకాయన పుట్టినాడా, మంచిదే. ఇంకా? రెండు సముద్రాలని కలిపి తవ్విన కాలవలో ఓడలు నడిపినారా! ఓలమ్మో, సముద్రాలే కలిపీసినారు సూడు. మనకి ఈ కొండవాగు, ఈ గెడ్డ ఒకటి దాటడమే గగనం అయ్యేది.

మీ అమ్మ పుట్టింది కూడా ఆ దినమే, అది నీకు తెలుసును. ఎలాగ పుట్టినాదో తెలీదు కదా? సెప్పదు. మీ అమ్మ ఆ మాట ఎత్తదు. నాను సెప్తాను, కూకో. ఆ సెల్లు పక్కనెట్టు.

మాకు తేదీలు ఎక్కడివే తల్లీ. వారాలే. శుక్రారం పుట్టినాను, సుక్రి అన్నారు. మా తమ్ముడు బుదారం పుట్టినాడు, బుద్రు అన్నారు. ఏ నెల, ఏ ఏడాది అంటే మా అమ్మకే తెలీదు. ‘సామలు కోసినప్పుడు పుట్టినావు’ అనేది నన్ను. ఓసారేమో ‘కాదు, కోత అయిపోనాక’ అనేది. తేదీతో పుట్టింది మా ఇంట్లో మీ అమ్మే ముందు. ఆ తేదీ ఎవులూ రాయకపోయినా ఊరు ఊరంతా మర్సిపోదు.

అప్పుడు మేం పైన ఉండీవాళ్లం, కొండ మీద. ఇప్పుడు ఆ మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓకు సెట్లు లేవా, అక్కడ. కాఫీ తోటలు అప్పటికి రాలేదు. పోడు సేసుకోడం, సోళ్లు, సామలు. అడ్డాకులు కోసి, ముంచింగిపుట్టు సంతకి మోసుకెల్తే షావుకారు ఉప్పూ కిరసనాయిలూ ఇచ్చీవోడు. ఆకులు పెద్దవైతే బెల్లం ముక్క కూడా ఇచ్చీవోడు, మంచోడే... ఏటి సెప్తున్నాను? ఆఁ, బడి. బడి కింద, గెడ్డకి ఇవతల. పూరి పాక. గెడ్డకి అవతల రోడ్డు ఊరు. నర్సమ్మ ఉండీది ఆ ఊర్లోనే. ఆస్పత్రికెల్లాలన్నా, జీపెక్కాలన్నా గెడ్డ దాటాల.

నాకు నొప్పులు ముందు రోజే మొదలైనాయి. మా అత్తే మంత్రసాని. సుట్టు పక్కల ఊళ్లలో ఎంతమందికి పురుడు పోసిందో. ఆవిడ నా కడుపు మీద సెయ్యేసి సూసినాది. బయటికెల్లి మీ తాతతో అన్నాది, “బిడ్డ అడ్డంగా ఉన్నాది. నా వల్ల కాదు. డోలీ కట్టు బేగి.” మా అత్త ‘నా వల్ల కాదు’ అనడం నాను అదే ఇనడం. నాకు బయమేసినాది.

తెల్లారీసరికి డోలీ కట్టినారు. దుప్పటి రెండు కొసలూ ఎదురుబొంగుకి కట్టీసి అందులో నన్ను ఎట్టినారు. ముందు మీ తాత, ఎనక మా బుద్రు. ఆడు మా అమ్మ కాడ ఉండాల అసలికి, మా పుట్టింట్లో. రెండు కొండల అవతల. అప్పకి, అంటే నాకు, నెలలు నిండినాయని సెప్పి ఆడంతట ఆడే వచ్చీసినాడు, వారం ముందు నుంచీ మా ఇంట్లోనే. ఇంకా పెళ్లి కాలేదు ఆడికి. నవ్వితే దవడ మీద సొట్ట పడీది. మా అమ్మకి మేం ఇద్దరమే. ఆడంటే పేణం.

వానలో దిగినాం. జారుతూ, ఆగుతూ. నాను మూలుగుతుంటే ఎనక నుంచి బుద్రు, “అప్పా, అరువు, గట్టిగా అరువు, ఎలుగులు పారిపోతాయి” అనీవోడు. ఆ నొప్పుల్లో కూడా నవ్వొచ్చినాది నాకు. నవ్వితే ఇంకా నొప్పి, మరి తిట్టినాను ఆడిని.

కిందకొచ్చీసరికి గెడ్డ ఎర్రగా పొంగిపోతన్నాది. పైన కొండల్లో వాన ఎక్కువ పడినాది గావాల. డోలీ దింపీసినారు. మీ తాత నెత్తి మీద సేతులెట్టుకోని నిలబడిపోనాడు. ఇంక అంతే, నాను ఈ ఒడ్డునే పోతాను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

అప్పుడు బళ్లోంచి మేస్టారు పరుగెత్తుకొచ్చినారు. పార్వతీపురం వైపు ఆయన, పేంటు మడిసీసి, బురదలో. పిల్లలంతా పాకలో ఉన్నారు, కాయితం జెండాలు అట్టుకోని. ఆ దినం జెండా పండగని నాకెక్కడ తెలుసు? మేస్టారు అన్నారు, “నర్సమ్మ ఇక్కడే ఉన్నారు! జెండాకి నేనే పిలిచాను, పొద్దున్నే దాటొచ్చేశారు.” సూడు మరి. ఇంకో దినమైతే నర్సమ్మ గెడ్డకి ఇవతల ఎందుకుంటాది?

పిల్లల్ని అరుగు మీదకి పంపీసి నన్ను పాకలో పడుకోబెట్టినారు. నర్సమ్మ సిన్నమ్మాయే, నాకంటే సిన్నది. సేతులు కడుక్కోని సూసినాది. “బిడ్డని నేను తిప్పుతాను, భయపడకు” అన్నాది నాతో. బయటికెల్లి ఇంకో మాట అన్నాది, నాకినబడినాది. “తర్వాత రక్తం ఆగకపోతే సూది వెయ్యాలి. నా మందుల పెట్టె రోడ్డు ఊర్లో ఉండిపోయింది. అది లేకపోతే తల్లిని నేను ఆపలేను.”

బుద్రు సొక్కా ఇప్పీసినాడంట. ఇదంతా మీ తాత తరువాత సెప్పినాడు, నాను సూడలేదు, నాను లోపల ఉన్నాను కదా. “బావా, తాడు అట్టుకో, నానెల్తాను” అన్నాడంట. పశువుల్ని కట్టే తాళ్లు బడి పక్క ఊర్లోంచి తెచ్చి ఒకదానికొకటి ముడేసినారు. సాలకపోతే మేస్టారు జెండా కర్ర తాడు కూడా ఇప్పి ఇచ్చీసినారు. దాన్ని నడుముకి కట్టుకోని బుద్రు దిగినాడు. మా వైపు గెడ్డల్లో పుట్టి పెరిగినోడే, ఈత ఆడికి ఆట. అయినా మునిగినాడంట, తేలినాడంట. కిందకి కొట్టుకెల్లిపోయి, ఎక్కడో అవతల ఒడ్డు అట్టుకున్నాడంట. ఇవతల మనుషులంతా ఒక్కసారి కేకేసినారు. ఆ కేక నాకు ఇనబడినాది. ఏటో తెలీదు. ఈలోగా నర్సమ్మ సెయ్యి... సరేలే, అది నీకెందుకు. తిప్పినాది బిడ్డని. సచ్చి బతికినాను.

ఆడు పెట్టి తెచ్చినాడు రోడ్డు ఊరికెల్లి. తాడు అవతల నేరేడు సెట్టు పైకొమ్మకి కట్టినాడు, ఇవతల వీళ్లు బడి రాటకి కట్టినారు. పెట్టి గోనెసంచిలో ఏసి, తాడుకి యేలాడదీసి ఇవతలకి జారవిడిసినాడు. తడవకుండా వచ్చినాది. అప్పటికే మీ అమ్మ పుట్టీసినాది, నాకు రక్తం పోతన్నాది, కళ్లు మూతలు పడిపోతన్నాయి. నర్సమ్మ సూదేసినాది. ఆ సూదే లేకపోతే నీతో ఈ ముచ్చట సెప్పీది ఎవులు?

మీ అమ్మ గట్టిగా ఏడిసినాది. గెడ్డ హోరులో కూడా అవతలకి ఇనబడిందంటే సూడు. బుద్రు అక్కణ్నుంచి కేకేసినాడంట, “బావోయ్! గుంటా? గుంటడా?”

“గుంటేరా!” అన్నాడు మీ తాత.

“అప్ప ఎలగున్నాది?”

“బాగున్నాది! నువ్వక్కడే ఉండు, నీళ్లు తగ్గినాక వద్దువు గాని!”

ఆడు ఉంటే కదా. “సూసి పోతాను” అన్నాడంట. కోడల్ని సూసి పోతాను. తాడట్టుకోని దిగీసినాడు. సగం దాక వచ్చీసినాడంట. నవ్వుతున్నాడంట, మీ తాత సెప్పినాడు. పైనుంచి మాను ఒకటి, ఏర్లతో సహా, కొట్టుకోని వచ్చినాది. అందరూ అరిసినారు. తాడు తెగిపోనాది.

అంతే.

నాకు ఆ దినం సెప్పలేదు. బుద్రు ఏడీ అంటే అవతల ఉన్నాడన్నారు. మేస్టారు జెండా ఎగరెయ్యలేదు, మడతెట్టి పెట్టీసినారు. పిల్లలకి బిళ్లలు పంచినారు గానీ ఎవులూ తినలేదంట. గెడ్డ తగ్గినాక కింద రాళ్ల మజ్జిలో దొరికినాడు. మీ అమ్మకి బారతి అని పేరెట్టింది మేస్టారే. నాకా, ఏ పేరైతే ఏటి అప్పుడు.

మా అమ్మ వచ్చినాది. కొడుకుని మట్టిలో ఎట్టి, నా కాడ కూకోని ఏడిసినాది. బిడ్డని సేతికిస్తే ఎనక్కి జరిగిపోనాది. “దీన్ని సూడ్డానికే కదే ఆడు దిగినాడు” అన్నాది. ఆ మాట నిజమే కదా. కోపం కూడా రాలేదు. మరి ఏడాది మా గడప తొక్కలేదు. నాను ఎల్తే గంటి, అంబలి పోసీది, మాటాడీది. బిడ్డ వైపు సూసీది కాదు. మీ అమ్మ పాకుతూ ఎల్లి కోక అట్టుకుంటే, లాక్కోని లేసి ఎల్లిపోయేది.

మల్లీ ఆ దినం వచ్చినాది. ఏడాది. అప్పటికి తేదీ తెలుసును, బడి ఉన్నాది కదా. మా అమ్మ కోడిని, బియ్యాన్ని తెచ్చుకోని గెడ్డ కాడికి వచ్చినాది, బుద్రు పేరు మీద పెట్టుకోడానికి. నానూ ఎల్లినాను, మీ అమ్మని సంకనేసుకోని. ఆ ఏడాది నీళ్లు అంత లేవు గానీ, ఒరవడి ఉన్నాది. మా అమ్మ రాయి మీద అన్నం ఎట్టి దండం ఎడతన్నాది. నాను పొయ్యి ఊదుకుంటన్నాను, పుల్లలు తడి. బడి పిల్లలు జెండాలు అట్టుకోని వరసగా వస్తన్నారు, జై అని అరుసుకుంటా.

మీ అమ్మకి అప్పుడే అడుగులు పడతన్నాయి. జెండాలు సూసి, ఆ రంగులకి ఎల్లినాదో, ఏటో, తప్పటడుగులేసుకుంటా నీళ్ల వైపు ఎల్లిపోనాది. నాను తలెత్తీసరికి కాళ్లు నీళ్లలో ఉన్నాయి. కూకున్న కాడే ఉండిపోనాను.

మా అమ్మ ఎగిరినాది. ముసలిది, మోకాళ్ల నొప్పులు, ఎలాగ ఎగిరినాదో. అన్నం, కోడి, అన్నీ తన్నుకోని ఎల్లి, మీ అమ్మ జబ్బ అట్టుకోని లాగీసినాది. గుండెకి అదుముకోని, గెడ్డ వైపు తిరిగి అరిసినాది, “ఒకడ్ని ఇచ్చినాను నీకు! దీన్ని ఇవ్వను! దీన్ని ఇవ్వనంటే ఇవ్వను!” బడి పిల్లలు ఎక్కడోళ్లు అక్కడ నిలబడిపోనారు.

అప్పుడు ఏడిసినాది మా అమ్మ, సరిగ్గా. బిడ్డని దింపలేదు. నాను సెయ్యి సాపినా ఇవ్వలేదు. ఆ దినం అలాగే సంకనేసుకోని ఆవిడ ఊరికి తీసుకెల్లిపోనాది. మీ అమ్మ బడికి ఎల్లీదాక పెరిగింది ఆవిడ కాడే. మేనమామ ఎలగుండీవోడు, ఏటి తినీవోడు, ఏ సెట్టెక్కీవోడు, అన్నీ ఆవిడే సెప్పింది. నాకంటే మీ అమ్మకే ఎక్కువ తెలుసును బుద్రు గురించి, ఆడిని సూడకపోయినా. మరందుకే ఎత్తదు ఆ మాట.

ఇప్పటికీ అంతే, రేపు పొద్దున్న కూడా ముందు ఆడికి పెడతాం. తరువాతే మీ అమ్మకి పరమాన్నం. నువ్వు ఏటేటో రాసుకున్నావు కదా, కొరియా, ఓడలు, అవన్నీ సెప్పు. సెప్పాల, బళ్లో సెప్పమన్నారు కదా. సివర్లో మా బుద్రు పేరు కూడా ఒకపాలి సెప్పమ్మా. ఇంటిపేరు అక్కర్లేదు, బుద్రు అంటే సాలు, మనోళ్లకి తెలుస్తాది. గట్టిగా సెప్పు, నంగి నంగిగా కాదు.

సల్లగా ఉండు తల్లీ. బాగా సదువుకో, నీ కడుపూ నీ ఇల్లూ నిండుగా ఉండాల. ఇదిగో, వాన మల్లీ పట్టీలాగున్నాది... రేపు అవతల రోడ్డు ఊరి బడికి ఎల్లినప్పుడు దగ్గిరని సెప్పి గెడ్డలో దిగకు. ఇప్పుడు వంతెన ఏసినారు కదా. వంతెన మీంచే ఎల్లు.