బొట్టు లేని పెట్టె

ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా నాకు మిగిలిన ఈ నాలుగు పళ్ళూ ఊడి ఇదిగో ఈ చేటలో బియ్యంతో కలిసిపోవాలి, మీరు ఏరుకోలేక చావాలి. నవ్వకండే, నిజం. మన కాలవగట్టు అచ్చియ్యమ్మ కొడుకు దొరబాబు లేడూ, వాడికి ఓ జబ్బుందంట. జబ్బంటే జొరమూ దగ్గూ కాదు. చేతికి స్క్రూడ్రైవర్ దొరికిందంటే ఏదో ఒకటి విప్పాలి. విప్పుతాడు, మళ్ళీ బిగించేసరికి గుప్పెడు మరలు మిగులుతాయి. మిక్సీ విప్పాడు, అందులో ఇప్పుడు కొబ్బరికాయ వేస్తే కొబ్బరికాయే వస్తది. గోడగడియారం విప్పాడు, అది వెనక్కి తిరగటం మొదలెట్టింది, ఇంకొన్నాళ్ళు పోతే వాడి పెళ్ళినాటికి వెళ్ళిపోద్ది అనుకో. వాడి పెళ్ళాం నూకరత్నం అన్నీ ఓర్చుకుంది గానీ, ఒక్కదాని దగ్గర గీత గీసింది. దాని కంప్యూటరు. నూకరత్నం జాకెట్లకి కంప్యూటర్ కుట్టు కుడతది కదా, ఆ పెట్టెలో బొమ్మ గీస్తే పక్కనున్న మిషను తనంతట తనే టకటకా కుట్టేస్తది. చుట్టుపక్కల ఏ పెళ్ళికూతురి చేతుల మీద నెమలి ఉన్నా అది నూకరత్నం నెమలే. దొరబాబుకి పనీపాటా అంతంతమాత్రం, ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ముందు ఆ పెట్టె వెలగాలి. అందుకని మొగుణ్ణి ఎదురుగా కూర్చోపెట్టి, ఇదిగో చెప్తున్నా, ఇంట్లో ఏది విప్పుకుంటారో విప్పుకోండి, నా పెట్టెకి మాత్రం ఒక్క మర తిప్పారా, మిషను ఆటోలో వేసుకుని మా అన్నయ్య ఇంటికి పోతా, మళ్ళీ ఈ గడప తొక్కను అంది. అందంటే అందే. చిన్నప్పుడు కాకరకాయ తిననందంట, ఈనాటికీ కాకరపాదు నీడన కూడా నడవదు, అలాంటి మనిషి.

అత్తాకోడళ్ళ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీకు కథ ఎక్కదు. అచ్చియ్యమ్మ ఇంట్లోకి ఏది కొత్తగా వచ్చినా పసుపు రాసి కుంకం బొట్టు పెట్టకుండా గడప దాటనివ్వదు. ఫ్రిజ్జుకి పెట్టింది, ఫ్యానుకి పెట్టింది, గ్యాసు బండ ఎన్నిసార్లొస్తే అన్నిసార్లు పెడతది, బండ తెచ్చిన కుర్రాడు కదలకుండా నిలబడితే వాడికీ పెట్టేస్తదని నా అనుమానం. అలాంటిది కోడలు కంప్యూటరు తెచ్చిన రోజు మూతి అటు తిప్పుకుని, ఆడది ఇల్లు చూసుకోక పెట్టె ముందు కూర్చోటమేంటి, ఈ పెట్టెకి నేను బొట్టు పెట్టను పో అనేసింది. నూకరత్నం నా దగ్గర కూర్చుని ఒకసారి, పిన్నీ, గ్యాసు బండపాటి చెయ్యలేదా నా పెట్టె అని కళ్ళు తుడుచుకుంది. మనసులో ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

ఇంతకీ ఏమైందంటే, ఆ పెట్టె ముసల్దైపోయింది, నాలాగా. నెమలి బొమ్మ తెరిస్తే ఓ ఈక కనపడేది, నూకరత్నం వెళ్ళి అన్నం వార్చి వచ్చేసరికి రెండో ఈక కనపడేది. తోక పూర్తయ్యేసరికి ఆ పెళ్ళికూతురికి పిల్లలు పుట్టేవారు. పని ఆలస్యమై జనం చేత మాటలు పడి ఆ పిల్ల ఏడుస్తుంటే దొరబాబు చూళ్ళేకపోయాడు. వాడు చెడ్డోడు కాదు, చేతులే చెడ్డవి. ఫోనులో వీడియోలు చూసి చూసి, దీని మెదడు పాతదైపోయింది, ప్రాసెసర్ అంటారు, అది మారిస్తే గుర్రంలా పరిగెత్తుద్ది అని కనిపెట్టాడు. చెప్పాపెట్టకుండా తెప్పించాడు. ఎంతుంటదనుకున్నారు? బెల్లం అచ్చంత పెట్టెలో ఇంత బిస్కట్టు ముక్క. పైన వెండిలా నున్నగా ఉంటది, తిరగేస్తే అడుగున అన్నీ బంగారు చుక్కలు, ఆకాశంలో నక్షత్రాలన్నీ దాన్లోకి దిగినట్టు.

నూకరత్నం జరీ దారాలకని పట్నం వెళ్ళిన రోజు చూసుకుని మొదలెట్టాడు. సాయంత్రం బస్సుకి వస్తది, మర్నాడు పెళ్ళికూతురి జాకెట్టు ఇవ్వాలి. ఈలోపు మెదడు మార్చేసి, పెళ్ళాం వచ్చేసరికి నెమలిని ఆడించాలని వాడి ఆశ. నేను చింతపండు బదులుకెళ్ళి వాళ్ళ అరుగు మీద కూలబడ్డా, అందుకే ఇదంతా నాకు తెలుసు. అప్పుడెళ్ళినదాన్ని ఇంటికి చేరేసరికి మా ఆయన చారు లేకుండా సగమైపోయాడు. సరే, ప్లగ్గు పీకాడు, మూత తీశాడు. లోపల దుమ్ము ఎంతుందంటే రెండు మళ్ళు వంగ నారు పొయ్యొచ్చు. మెదడు మీద ఫ్యాను కూర్చుని ఉంటదంట, ముందు దాన్ని తియ్యాలి. తీస్తే రాదే! ఎన్నాళ్ళనాటి జిగురో ఎండిపోయి పట్టేసింది. లాగాడు, తిప్పాడు, దండం పెట్టాడు. ఆఖరికి టప్పుమని ఊడిన చప్పుడికి కాలవ అవతల గట్టు మీద కొంగలు లేచిపోయాయి. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మా, ఏదో విరిగిందే అన్నాడు. విరగలేదులే, జిగురు వదిలింది.

ఆ ఫ్యాను పెరట్లోకి తీసుకెళ్ళి పాత జిగురు గోకుతూ, తల్లితో, అమ్మా, ఆ చిన్న డబ్బాలోది జాగ్రత్తే, అదే ఇంక మనింటికి మెదడు, రత్నం కష్టం దాంతో తీరిపోవాలి అన్నాడంట. అచ్చియ్యమ్మ లోపల ఆ డబ్బా ముందు కూర్చుంది. ఇది నాకు తర్వాత అదే చెప్పింది. కోడలి కష్టం తీర్చేది కొత్తగా గడప లోపలికొస్తే, ఈసారి కూడా మొహం తిప్పుకుంటే నేనేం మనిషిని అనుకుందంట. లేచి కుంకం బరిణె తెచ్చింది. పసుపు తడిపింది. దానికి మొహం ఎటుంటదో ఎలా తెలుస్తది మరి? నున్నగా ఉన్నవైపు వీపు, బంగారు చుక్కలున్న వైపు మొహం అనుకుంది. మీరైనా అదే అనుకుంటారు, నేనైనా అదే అనుకుంటా. అడుగున ఆ చుక్కల మీద నిండుగా పసుపు రాసి, మధ్యలో ఇంత బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుని, ఎలా ఉన్నది అలా డబ్బాలో బోర్లించేసింది.

దొరబాబు వచ్చి పాత మెదడు ఊడదీసి పక్కన పెట్టాడు. కొత్తదాని అడుగు చూళ్ళేదు, పైనే అంచు పట్టుకుని తీసి దాని గూట్లో పెట్టాడు. గూడంటే వరి నారు పోసినట్టు సన్నటి సూదులుంటాయి, ఒక్కటి వంగినా అంతే సంగతులంట. పక్కనున్న కమ్మీ వంచి బిగించాలి. వంచుతుంటే కటకటా అని ఎముకలు విరిగినట్టు చప్పుడు. వాడు ఆగాడు. ఫోనులో చూశాడు. అలాగే చప్పుడవుద్దంట, భయపడకుండా నొక్కాలంట. భయపడకుండా అట! ఫోనులోవాడికేం, వాడి పెళ్ళాం అన్నయ్య ఇంటికి పోద్దా? కళ్ళు మూసుకుని నొక్కాడు. తర్వాత మెదడు వేడెక్కకుండా రాసే తెల్ల పేస్టు, తమలపాకుకి సున్నం రాసినట్టు పల్చగా రాశాడు. ఫ్యానుకి నాలుగు కాళ్ళు. ఇది దిగితే అది లేస్తది, అది నొక్కితే ఇది లేస్తది, కుంటిమంచం వేసినట్టే. వాడికి పట్టిన చెమట అరుగు మీంచి కారి అచ్చియ్యమ్మ గోంగూర మడి తడిసిందంటే నమ్మండి. ఆఖరికి బిగించి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కాడు.

లైటు వెలిగింది. ఫ్యాను తిరిగింది. ఆగిపోయింది. మళ్ళీ దానంతట అదే తిరిగింది. ఆగిపోయింది. తెర నల్లగా, చచ్చినవాడి కన్నులాగా. ఎవరూ ముట్టుకోటంలేదు, దానంతట అదే లేస్తది, పడిపోద్ది, లేస్తది, పడిపోద్ది. కొన ఊపిరి మనిషిని చూశారా మీరెప్పుడైనా? అలాగే. నేను నూరు చావులు చూసినదాన్ని, నేనే గోవిందా గోవిందా అనేశా. దొరబాబు గబగబా ప్లగ్గు పీకి, పోనీ పాత మెదడే పెట్టేద్దాం, ఏమీ ఎరగనట్టు కూర్చుందాం అని, కొత్తదాన్ని తీసి డబ్బాలో పడేసి పాతది పెట్టాడు. పాతదానికీ అంతే. లేస్తది, పడిపోద్ది. అప్పుడు పట్టుకుంది చూడండి భయం. కొత్తది పనిచెయ్యకపోతే ఒకటి, పాతది కూడా పోయిందంటే ఇంక రత్నం ముందు నిలబడే దారే లేదు. మళ్ళీ పాతది తీసి, టార్చి వేసి ఆ గూట్లోకి తొంగి చూశాడు. చూసి, అమ్మా, కాలిపోయిందే, లోపలంతా ఎర్రగా కాలిపోయింది అన్నాడు.

ఎర్రగా అన్నమాట చెవినపడగానే అచ్చియ్యమ్మకి తెలిసిపోయింది. బరిణెలో కుంకం చూసింది, తన వేలు చూసుకుంది, ఆ వేలు కొంగులో దాచేసుకుంది. కోడలు వెళ్ళిపోద్దని కొడుక్కి భయమైతే, తన చేత్తోనే కోడలి కూడు పడగొట్టానని తల్లికి భయం. అంతలో రోడ్డు మీద బస్సు హారను. రోజూ వచ్చే బస్సే, రోజూ వినే హారనే, ఆరోజు నాకు యముడి దున్నపోతు రంకె వేసినట్టు వినపడింది.

నూకరత్నం దారాల సంచితో గుమ్మంలోకొచ్చింది. విప్పిన పెట్టె చూసింది, మొగుణ్ణి చూసింది. సంచి కింద పెట్టి, ఆటోవాణ్ణి పిలవండి అంది. అంతే. దొరబాబు రెండు చేతులూ జోడించి, రత్నం, నీకోసమే చేశానే, కాలిపోయింది, ఎలా కాలిందో నాకు తెలీదు అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎక్కడ కాలింది అని అది టార్చి లాక్కుంది. నెమలి కంట్లో చుక్క తప్పుపడితే ఆమడ దూరాన్నుంచి కనిపెట్టే కళ్ళు కదా దానివి. గూట్లోకి చూసింది. వంగి వాసన చూసింది. తర్వాత డబ్బాలోంచి కొత్తదాన్ని తీసి వెనక్కి తిప్పింది.

బంగారు చుక్కల మీద పచ్చగా పసుపు, మధ్యలో నలిగిపోయిన కుంకం బొట్టు.

అచ్చియ్యమ్మ గోడకి కరుచుకుపోయి, నేనేనే అమ్మా అంది. అప్పుడేదో పొగరుతో నీ పెట్టెకి పెట్టలేదు. కొత్తది వచ్చిందన్నాడు, నీ కష్టం తీరుద్దన్నాడు. ఈసారైనా పెట్టాలనుకున్నా. నేను చంపేశానే దాన్ని, నువ్వు పోవద్దు, నేనే నా కూతురింటికి పోతాను అంది. నూకరత్నం ఆ బొట్టునే చూసింది. దాని కళ్ళలోంచి రెండు బొట్లు రాలాయి. అత్తా, మొహమేదో తప్పుగా అనుకున్నావు గానీ పెట్టింది నా పెట్టెకే కదా అంది. ఆటో మాట మళ్ళీ ఎత్తలా.

బట్టల మీద మరకలు తీసే స్పిరిట్టు తెచ్చి, జాకెట్ల మీద రంగులు దిద్దే సన్నటి కుంచె ముంచి, ఆ సూదులు ఒక్కోటీ తుడిచింది. ఓ సూది ఒరిగిపోతే కుట్టు సూదితోనే ఊపిరి బిగబట్టి నిలబెట్టింది. తడి ఆరేదాకా అందరం ఉఫ్ ఉఫ్ అని దూరాన్నుంచి ఊదాం, నా ఊపిరికే సగం ఆరిపోయింది. బొట్టు తుడిచిన మెదడు పెట్టి, గొట్టంలో మిగిలిన పేస్టు పిండి, ఫ్యాను బిగించి, మీట నొక్కారు. ఫ్యాను తిరిగింది. ఆగిపోయింది. నా గుండె కూడా ఆగిపోయింది, నిజం, అప్పుడే చచ్చి మళ్ళీ వచ్చా. మళ్ళీ తిరిగింది, ఈసారి ఆగలా. తెర తెల్లారినట్టు వెలిగింది. నెమలి బొమ్మ నొక్కితే, కన్ను మూసి తెరిచేలోపు తోకంతా విప్పుకుని నిలబడింది. మర్నాటికి జాకెట్టు అందింది. నూకరత్నం అత్త వేలు పట్టుకుని పెట్టె బయట, పై మూత మీద బొట్టు పెట్టించింది. స్క్రూడ్రైవరు మటుకు కొంగున ముడేసుకుంది, ఇప్పటికీ దాంతోనే పడుకుంటదంట.

అదన్నమాట. మంచి మనసుతో చేసినా మొహమేదో అడిగి చెయ్యాలి. ఒసే గౌరీ, అలా నోరు తెరుచుకుని చూడకు. ఇందాక దొరబాబు చంకలో ఇంకో అట్టపెట్టె పెట్టుకుని దొంగలా సందులోకి పోతుంటే చూశా. ఆ కంప్యూటరుకి జ్ఞాపకశక్తి పెంచే ముక్కంట అది. నూకరత్నం ఇంట్లో లేదు, అచ్చియ్యమ్మ ఉంది. లే, పరిగెత్తు. మా ముసల్దానికి కుంకం నిండుకుంది, బరిణె ఓ పూట ఇవ్వమందని చెప్పు. బరిణె చేతికొచ్చేదాకా ఆ గుమ్మం కదలకు. పసుపు డబ్బా కూడా పట్రా, మర్చిపోకు.