పిచ్చర్ యెహోషువ

యెహోషువ కోతలు మొదలుపెట్టాడంటే ఏదో దాస్తున్నాడని అర్థం. ఆ సంగతి అతని భార్య జ్ఞానమ్మకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

పెళ్ళై పన్నెండేళ్ళయినా ఆలుమగలు ఒక కప్పు కింద ఉన్న రోజులు పట్టుమని వంద లేవు. కువైట్‌లో అతను బ్నీద్ అల్ గార్ పేటలో ఒక కువైటీ ఇంటి డ్రైవరు, ఆమె రిగ్గై పేటలో ఇంకో ఇంట్లో వంటమనిషి. సెలవురోజు శుక్రవారం, చర్చిలో ఆరాధన ముగిశాక ఖాజా హుస్సేన్ చాయ్ దుకాణంలో కూర్చునే కాసేపే వాళ్ళ సంసారం. జ్ఞానమ్మ మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు ఈసారి ఆమెకి రెండు నెలలు సెలవిచ్చింది. మంగళవారం ప్రయాణం. అతను కూడా కఫీల్‌ని, అంటే తన యజమానిని, అడిగి సెలవు తెచ్చుకుంటే ఇద్దరూ ఒకే విమానంలో ఊరికి పోవచ్చు. ఈ వారం అడిగి తీరతానని పోయిన శుక్రవారం మాటిచ్చాడు. అడిగావా అని ఆమె నోరు తెరిచేలోపే, పక్క బల్ల మీది గంగాధర్ వైపు తిరిగిపోయాడు.

"నేను పిచ్చర్‌గా చేసిన రోజుల్లో ఏవైందో నీకు చెప్పలేదు కదూ?"

గంగాధర్‌ది నిజామాబాద్, ఏసీలు బాగుచేస్తాడు. "పిచ్చర్లల్ల గూడ జేసినవానే? ఏ హీరో పక్కన?"

"సినిమా కాదెహె. బేస్‌బాల్. అమెరికా వాళ్ళ ఆట. అందులో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. మా కఫీల్ తమ్ముడు అక్కడ చదువుకొచ్చాడు కదా, గురువారాలు స్నేహితుల్తో ఆడతాడు. నేను బండి దగ్గర నిలబడ్డాను. బంతి కంచె దాటొచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. తీసి విసిరేను, అంతే."

ఇంతవరకూ నిజమేనని జ్ఞానమ్మకి తెలుసు. ఇక్కడినుంచే అతని కోతల బండి చక్రాలు నేల వదులుతాయి.

"చిన్నప్పుడు వరిచేల మీద పిట్టల్ని తోలిన చెయ్యి ఇది. ఆ తర్వాత ఏవైందో తెలుసా? బంతి పట్టుకున్నోడు బంతితో సహా వెళ్ళి వలలో పడ్డాడు. వాళ్ళ కోచ్ టోపీ తీసి, జీతం మీద ఆడతావా అన్నాడు."

"బంతి ఇసిరేదానికి జీతమేంది సామీ?" అన్నాడు ఖాజా హుస్సేన్, కడప మనిషి, చాయ్ వడపోస్తూనే.

"ఇఖామా కార్డు మీదే రాసేరు, వృత్తి పిచ్చర్ అని. రింగ్ రోడ్డు పక్కన విసిరితే స్పీడు కెమెరా ఫ్లాష్ కొట్టింది, బండి నంబరు లేదని పోలీసులు తలలు పట్టుకున్నారు. ఇంకోరోజు దుమ్ము తుఫాను, చాపిన చెయ్యి కనపడదు. విసిరేను. దుమ్ములో సొరంగం పడిపోయింది. ఎయిర్‌పోర్టుకెళ్ళే కార్లు మూడ్రోజులు అందులోంచే పోయాయి. అదీ గొప్ప కాదు. ఓ బంతి సముద్రం దాటేసింది. పదకొండో రోజున మా తమ్ముడు ఫోను. అన్నయ్యా, మన పెరట్లో ఏదో తెల్ల గుడ్డు పడింది, కోడి పొదుగుతోంది అని."

దుకాణమంతా నవ్వింది. జ్ఞానమ్మకీ నవ్వొచ్చి చాయ్ ముక్కులోకి పోయింది. తీరా దగ్గు తగ్గాక గుండె కలుక్కుమంది. బంతికైనా ఆ పెరడు దక్కింది. ఆ పెరట్లో మొగుడి పక్కన కూర్చుని వేడన్నం తిన్న రోజులు ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టగలదు. ఇంకొన్ని కావాలని ఎంత ఆశగా ఉందో ఎవరితో చెప్పుకుంటుంది?

"గెలుసుడు ఎట్లనే మరి?" అన్నాడు గంగాధర్.

"బంతిని కొట్టినోడు మూడు మూలలూ చుట్టి, బయల్దేరిన చోటికే రావాలి. దాన్ని హోమ్ అంటారు. ఇల్లన్నమాట. వాణ్ణి ఇల్లు చేరనివ్వకుండా చూడ్డవే పిచ్చర్ పని. నా చెయ్యి దాటి ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఇల్లు చేరలేదు. ఆఖరి ఆటలో ఏవైందో తెలుసా? నేను గెలిపించేసరికి మా కఫీల్ ఇసకలో మోకాళ్ళ మీద కూలబడి, ఈ చెయ్యి ముద్దెట్టుకుని, యెహోషువా, ఏం కావాలో కోరుకో, కాదంటే ఒట్టు అన్నాడు."

"ఏం కోరినవ్?"

యెహోషువ నోరు తెరిచాడు. ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు.

"ఎవర్నీ ఇల్లు చేరనివ్వలేదన్నావు," అంది జ్ఞానమ్మ. "వాళ్ళల్లో నన్నూ కలిపేసేవా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"సెలవడిగేవా?"

"అడగలేదే." అతని గొంతు ఇందాకటిది కాదు. "రోజూ పొద్దున్నే బండి తలుపు తీసి పట్టుకుంటానా, మాట ఇక్కడిదాకా వస్తుంది. ఆయన ఎక్కి యల్లా, పద అంటాడు. నేను బండి తీసేస్తాను."

జ్ఞానమ్మకి కోపం రావాల్సిందే, వచ్చింది కూడా. కానీ తల దించుకున్న మొగుణ్ణి చూస్తే ఆ కోపం నిలవలేదు. ముసుగు సర్దుకుని, బైబిలు సంచి భుజాన వేసుకుని లేచింది.

"నాలుగింటిదాకా నాకు టైముంది. మీ కఫీల్ ఇంట్లోనే ఉంటాడా?"

"ఉంటాడు. ఎందుకూ?"

"అడుగుదువుగాని. నేను పక్కనుంటాను."

అతను కదల్లేదు. ఆమె అతని చేతిలోంచి గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది.

"లే," అంది. "యల్లా."