మీవోడి మీద ఒట్టు

ఏమప్పా బాలప్పా, నా తలకాయ అట్ల తిప్పుతావేంది? అది మెడనా, కుళాయినా? నోట్లో మాట లేకపోతే పోనీ, చేతిలో అయినా కొంచెం దయ ఉండల్ల గదా. సోపు చెంపకి పూయమంటే ముక్కులోకి పూస్తాండావు.

లే, నువ్వు జవాబు చెప్పవులే. ఒట్టు పెట్టుకున్నోనివి గదా. నేనే చెప్పుకుంటా, నేనే వింటా.

గోరంట్ల బజార్లో ఇన్ని సెలూన్లు ఉండాయి. యాడికి పోయినా నోరు మూయకుండా చెవులు గీకి పంపుతారు. నా కర్మ చూడు! ఒగే గోడకి ఆ పక్క నా కుట్టుమిషను, ఈ పక్క నీ కుర్చీ. వచ్చినోళ్ళందరితోనూ వాగుతావు. ఈ హుస్సేన్ బాషా గడప తొక్కితే చాలు, నోటికి గుండీలు కుట్టేసుకుంటావు. ఆ గుండీలు గూడా నా అంగట్లోవే అయింటాయి.

మొన్న ఏం చేసినావు? నీ ముందరే నిలబడి, "ఈ ఏడన్నా వాన పడతాదంటావా?" అంటి. నువ్వు నా మొగం చూసినావా? కుర్చీలో ఉండే బస్సు కండక్టరుకి చెప్తివి, "పడదని ఆయప్పకి చెప్పన్నా" అని. ఆయన సోపు మూతితోనే నా దిక్కు తిరిగి, "పడదంట" అని, మళ్ళా కండ్లు మూసుకున్నాడు. చేయి చాపితే తగిలే మనిషికి మధ్యలో కండక్టరు ఏంటికప్పా?

తప్పు నాది అంటారు బజార్లో. నాదెట్లయితాది? మీవోడిది!

ఆ పొద్దు మీవోడు, నువ్వు దేవుడని మొక్కే ఆ క్రికెటరు, సున్నాకి ఔటయినాడు. అయినాడా లేదా? నేను నీ అంగడి ముందర టపాసుల సరం కాలిస్తి. నువ్వు ఆరేసిన తువ్వాళ్ళు కాలినాయి. కాలవా మరి? మన ఊరి ఎండకి ఊరికే ఉండినా కాలేటివే. నువ్వు చేతిలో దువ్వెనతో బయటికొచ్చి, "మావోడు గొప్పోడు, వచ్చే మ్యాచ్‌లో చూడు" అని అరిస్తివి. నేనూ అరిస్తి. "మీవోడు మళ్ళా సెంచరీ కొట్టినప్పుడు మాట్లాడు, అందాకా నాతో మాట్లాడొద్దు పో" అంటి.

కోపంలో మనిషి లక్ష అంటాడు. నువ్వేం చేసినావు? లోపలికి పోయి, టీవీ మీద చెయ్యి పెట్టి, "మావోడి మీద ఒట్టు, వాడు సెంచరీ కొట్టేదాకా నీతో మాట్లాడను" అంటివి!

లోకంలో ఎవరైనా పెండ్లాం మీద ఒట్టు పెడతారు, పిల్లోల్ల మీద పెడతారు. నీ పెండ్లాం కదిరమ్మ మీద పెట్టింటే ఆయమ్మ నీ వీపు పగలగొట్టి తెల్లారేలోగా ఒట్టు తీయించుండేది. బ్యాటు పట్టుకునేటోని మీద పెడితివి. వాని నెత్తిన గోరంట్లలో ఒగ ఒట్టు కూర్చోనుండాదని వానికి చెప్పేదెవరు?

కొడతాడులే, ఈ నెల కాకుంటే వచ్చే నెల, అనుకుంటి. మోకాలు నొప్పి అన్నాడు. ఆమీట టీంలోనే లేడన్నారు. ఆమీట ఒగ దినం కోటు తొడుక్కోని మైకుల ముందర కూర్చొని, "ఇంగ ఆడను" అనేసినాడు. ఆ పొద్దు నేను నవ్వినానని అనుకుంటాండావేమో! టీ గ్లాసు పట్టుకోని అట్లే నిలబడిపోతి. టీ ఆరిపోయి మీగడ కట్టినాది. వీడు ఇంగ సెంచరీ కొట్టేదెట్ల, బాలప్ప నాతో మాట్లాడేదెట్ల అని.

ఎట్ల కొట్లాడుకుంటాంటిమి మనం! మావోడు బ్యాటు ఊపితే బంతి లేపాక్షి బసవన్న వీపు మీద పడల్ల, అదీ ఆటంటే, అని నేను. నువ్వు కత్తి గాల్లో తిప్పుతా, "తడి ఉండే చేన్లో ఎవడైనా శెనక్కాయ పండిస్తాడు. వాన లేని ఏడు కాయ తీసినోడు గొప్పోడు. మావోడు బంతి గొంతు మీదికి లేచే పిచ్ మీద పొద్దంతా నిలబడతాడు" అని. నిలబడేదే గొప్పయితే మా అంగడి ముందర కరెంటు స్తంభానికీ ఒగ కప్పు ఇయ్యమంటి నేను. కుర్చీలో ఉండే ముసలాయన సగం గడ్డంతో అట్లే లేచి నిలబడి, "మా కాలంలో ఆడినోళ్ళ కాలిగోటికి సరిపోరు మీ ఇద్దరివోళ్ళూ" అనె. ఇంగ మనిద్దరం ఒగటై ఆయన మీద పడితిమి!

నవ్వొస్తాంది గదా? నవ్వు. నవ్వేదానికి ఒట్టు అడ్డం రాదు... మూతి బిగించినావు. సరే, నీ ఇష్టం.

ఈ పొద్దు నేనెందుకొచ్చినానో నీకు తెలుసు. నేను గడప తొక్కతానే టీవీ బంద్ చేసినావు, నేను చూసినా. మావోడు గూడా పోయినాడు బాలప్పా. పొద్దున్నే ఫోన్లో నాలుగు ముక్కలు పెట్టి, "ఇంగ ఆడను, సెలవు" అనేసినాడు.

నా పెండ్లాం అనీసాకి చెప్తే, "వానికి బంగళా ఉండాది, నీకు సాయంత్రానికి ఇయ్యాల్సిన ప్యాంట్లు ఉండాయి, పో, కుట్టుకో" అనె. మా ఇఫ్రా అయితే, "ఇప్పటోళ్ళు వాని కంటే బాగా ఆడతారబ్బా" అనె. కన్న బిడ్డ! ఏమని చెప్పల్ల? పోయి మిషను ముందర కూర్చుంటే, ప్యాంటుకి జేబు బయటికి పెట్టి కుట్టినా.

ఈ ఊర్లో నా బాధ తెలిసినోనివి నువ్వొగనివే. మీవోడు పోయినప్పుడు నీకు ఇట్లే అయింటాది గదా? ఓదార్చమని నేను అడగలేదు. తిట్టు! "మీవోడు పోయినాడు, పీడ వదిలినాది" అను. టపాసులు కాల్చు. నేనే తెచ్చిస్తా, మా అంగడి ముందరే కాల్చు, తగిలించిన కొత్త బట్టలన్నీ కాలనీ.

ఒట్టు తప్పితే మీవోనికి ఏమన్నా అయితాదనేనా? ఇంగేమయితాది వానికి? ఔటయ్యేదానికైనా ఆడల్ల గదప్పా!

ఏంది, తల అడ్డంగా ఊపుతాండావు? ఒట్టు ఒట్టేనా? తిక్కలోడా! ఆ తిక్క చూసే గదా నీతో సావాసం చేసింది.

ఒగ మాట చెప్తా, ఎవరికీ చెప్పొద్దు. నువ్వు మాట మానినాక మావోడు ఫైనల్లో వీరంగం ఆడినాడు, గుర్తుండాదా? ఊరంతా ఎగిరింది. నేను ఎగరలేదు. వాడు సిక్స్ కొట్టిన ప్రతిసారీ నేను నీ గోడ దిక్కు తిరిగినా. ఇన్నేండ్లూ నేను చూసింది వాని ఆట కాదప్పా, మాడిపోయే నీ మొగం. అది కనపడకపోతే సిక్స్‌లో ఏముండాది? బంతి పోయి ఆపక్క పడింది, అంతే గదా. నాకు ఏడుపొచ్చినాది బాలప్పా, గెలిచిన మ్యాచ్‌లో.

సరే. నేను ఓడిపోయినా. మీవోడే గొప్పోడు. అనేసినా, వినపడిందా? మా నాయన లేచొచ్చి చెప్పమన్నా చెప్పనోన్ని, ఈ పొద్దు చెప్పినా.

కత్తి ఆగినాదే... మాట్లాడు మరి. పెదిమలు అదురుతాండాయి, ఆ వచ్చేదేందో రానీ. బాషా అను చాలు. ఒగే మాట.

...అనవు.

అట్లయితే నా మాట నేను వెనక్కి తీసుకుంటాండా. మీవోడు గొప్పోడు కాదు, గాడిదగుడ్డు కాదు! పోయేముందర ఒక్క సెంచరీ కొట్టి పోయింటే వాని సొమ్మేం పోయేది? దేశమంతా దండలేసినారు. గోరంట్లలో ఇద్దరు మనుషుల్ని మాట్లాడిచ్చేంత ఆట ఆడలేకపోయినాడు. మావోడు గూడా అంతే, వాడేం తక్కువ కాదు.

కానీ, కానీ, ఆ చెంప గూడా గీకు. రేపు మళ్ళా వస్తా. గడ్డం మొలిచినా వస్తా, మొలవకున్నా వస్తా.