ఇంటిని లేపిన గేటు

"ఒక్క సుత్తిదెబ్బ! పగవాణ్ణయినా అలా కొడతారా పిన్నీ?"

టీకొట్టు బల్లమీద గ్లాసు ఠపీమని పెట్టాడు కొత్త వెల్డరు. కొత్త అంటే మరీ కొత్త, తీగ కరిగించి ఇనుము అతికే మిగ్ వెల్డింగు గన్ను పట్టి ఇరవై రోజులు. మధ్యాహ్నం అతను అతికిన ఇనపముక్కల్ని మేస్త్రి వైసు దవడల్లో బిగించి కొడితే రెండుగా ఊడొచ్చాయి. రేపు పొద్దున ఇంకో పరీక్ష. అదీ ఊడిందా, గన్ను లాక్కుంటారు, మళ్ళీ తుప్పు గీకే పనే గతి. అయినా నోరు మాత్రం తగ్గట్లేదు.

"నా చేతికే వంక పెడతాడా? మొదటిరోజే జానెడు పొడుగు అతుకు సూటిగా లాగాను. మిగతావాళ్ళకి నెల పడుతుందట!"

"లాగావులే బావా," అన్నాడు పక్కషెడ్డులో లేతు మిషను నడిపే బామ్మర్ది. "ముక్కతోపాటు కింది బల్లని కూడా అతికేశావు."

"మరి అదిరా పట్టంటే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకాయన ఇంటిగేటు విరిగితే అతికాను. మర్నాడే లారీ వచ్చి గుద్దింది. లారీ చాపలా చుట్టుకుపోయింది, గేటు కిర్రుమనలేదు! తెరుచుకోవట్లేదని ఇంటాయన లబోదిబోమంటే క్రేను తెచ్చాం. లాగితే గేటు లేచింది, గేటుతో గోడ లేచింది, గోడతో ఇల్లే లేచింది! ఆయన లోపల భోంచేస్తున్నాడు. పైనే చెయ్యి కడుక్కున్నాడు, ఆ నీళ్ళు నా నెత్తినే పడ్డాయి!"

"ఇల్లు దిగిందా మరి?" స్టవ్ తగ్గిస్తూ అడిగింది టీకొట్టు పిన్ని.

"దిగనిస్తేగా! చూస్తే పైన మబ్బు చిరిగి ఉంది, జోరున వాన. నేనూరుకుంటానా? గన్ను భుజానేసుకుని క్రేనెక్కి, చిరుగు ఈ కొసనుంచి ఆ కొసదాకా అతికేశాను. ఇవాళ్టిదాకా ఆ వీధిలో చినుకు లేదు. గొడుగులమ్మేవాడు నన్ను తన్నడానికి వెతుక్కుంటున్నాడు! అలాంటి చెయ్యి అతికిందాన్ని 'పట్టలేదు' అంటాడా ఆ మేస్త్రి? కళ్ళున్నాయా ఆయనకి?"

పిన్ని బల్లకిందకి వంగి ఒకచేత్తో ఇనపస్టూలు, రెండోచేత్తో దాన్నుంచి ఊడిన కాలు తీసింది. పోయినవారం అడక్కపోయినా ఎత్తుకెళ్ళి అతికి తెచ్చిచ్చింది ఇతనే.

ఆ కాలుని అతను వెంటనే గుర్తుపట్టాడు. అయినా కాలు అందుకుని బామ్మర్ది ముఖంముందు ఆడించాడు. "చూడు, అతుకు ఎంత నున్నగా ఉందో! జడ అల్లినట్టు లేదూ?"

"జడ కాదు నాయనా, సవరం," అంది పిన్ని. "అందంగానే ఉంది. తలనే పట్టుకోలేదు. మీ బాబాయి దీనిమీంచి పడి నడుం పట్టుకుని మూలుగుతున్నాడు."

అతను కాలుని తిప్పితిప్పి చూశాడు. అతుకంతా దానిమీదే ఉంది. స్టూలు వైపు ఇనుము అసలు కరగనేలేదు. ఈసారి నిజంగానే ఒళ్ళు మండింది.

"అంటే కరెంటు తక్కువ పెట్టి, చెయ్యి పరిగెత్తించానన్నమాట! షెడ్డులో ఇంతమంది ఉన్నారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడైనా నోరు తెరిచి చెప్పాడా?"

"మేస్త్రి రోజూ చెప్తూనే ఉన్నాడు బావా," అన్నాడు బామ్మర్ది గ్లాసు బోర్లిస్తూ. "ఆయన కరెంటు అనేలోపే నువ్వు క్రేనెక్కేస్తున్నావు."