తెప్పలవ్వ గొంతు

సభాధ్యక్షులు మునస్వామి గారికి, మా సంస్థను నడిపే సుజనమ్మకు, పాకాల నుంచి ఇంత ఎండలో వచ్చి ముందు వరుసలో కూర్చున్న కృపారాణి గారికి, వెనక నిలబడి భోజనాలు ఎప్పుడా అని చూస్తున్న మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇంతవరకూ మాట్లాడినవాళ్లు నా గురించి చెప్పిన మంచి మాటలన్నీ విన్నాను. రికార్డింగు మనిషిగా నా అభిప్రాయం ఏమంటే, శబ్దం కాస్త ఎక్కువైంది. (నవ్వులు) ఈ జయరావు రేడియోలో ఉద్యోగ విరమణ చేసి, ఇంట్లో కూర్చోలేక ఈ పిల్లల దగ్గర చేరి, వీళ్లు తయారుచేస్తున్న వీడియో గేముకు మాటలూ చప్పుళ్లూ రికార్డు చేసి, ఇవాళ రెండోసారి రిటైరవుతున్నాడు. విషయం అంతే.

గేముల సంగతి తనకేమీ తెలియదని అధ్యక్షులే సెలవిచ్చారు కనుక రెండు ముక్కలు చెబుతాను. మన గేము పేరు 'మరుగేరు'. ఒక రాజ్యంలో ఏరు అలిగి భూమి కిందికి వెళ్లిపోతుంది. ఆడేవాళ్లు మంత్రగత్తెగానో వేటగాడిగానో వేషం ఎంచుకుని, రాతి రాక్షసులతో కొట్లాడుకుంటూ ఆ ఏటిని వెతకాలి. దారి చెప్పేది తెప్పలవ్వ. నీళ్లులేని ఇసుకలో తెప్ప వేసుకుని కూర్చున్న ముసలామె. ఆమె చెప్పకపోతే ఆట ముందుకు పోదు. వచ్చే ఏడాది విడుదల అంటున్నారు. పోయిన ఏడాదీ అదే అన్నారు. (నవ్వులు) సుజనమ్మా, అట్ల సూడొద్దు, ఈ పూట నుంచి నేను నీ ఉద్యోగిని కాను.

ఆ తెప్పలవ్వకు గొంతిచ్చింది కృపారాణి గారు. నర్సుగా పనిచేసి రిటైరైనారు. చర్చిలో క్రిస్మస్ నాటకాలు వేసిన అనుభవం తప్ప మరొకటి లేదు. చెన్నై నుంచి కూడా గొంతులు తెప్పించి విని విసిగిపోయి ఉన్న రోజున ఈమె వచ్చి, చేతిలోని కాగితం పక్కన పెట్టి, "ఏం నాయనా, ఏరు కావాలని వచ్చినావా? ఏరు నిన్ను రమ్మనిందా?" అన్నారు. సుజన నా వైపు చూసింది. నేను హెడ్‌ఫోన్లు తీయలేదు. తీస్తే ఏదో ఒకటి మాట్లాడాల్సి వస్తుంది.

మేముండేది మునస్వామి గారి మేడ మీద. కింద ఆయన గోడౌను. బంగారుపాళ్యం నుంచి మామిడి రసం డబ్బాల లారీ వచ్చిందంటే మా పని ఆగినట్టే. కృపారాణి గారు మాత్రం కిటికీలోంచి తల పెట్టి, "మెల్లిగా దించండప్పా, ఈడ అవ్వ మాట్లాడతా ఉండాది" అని కేకేసేవారు. హమాలీలు నిజంగానే మెల్లిగా దించేవారు. ఇంటి యజమాని చెబితే కూడా వినేవాళ్లు కాదట, ఆయనే అన్నారు. (నవ్వులు)

సగానికి పైగా రికార్డింగు అయిపోయింది. కథలో ఆఖరి మజిలీ మిగిలింది. అప్పుడు కృపారాణి గారి గొంతులో గడ్డ తేలింది. వేలూరులో ఆపరేషన్ చేసినారు. ప్రాణానికేమీ కాలేదు. గొంతు పోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టర్లు.

గేముకు పెట్టుబడి పెట్టిన బెంగళూరు వాళ్లు ఆగలేమన్నారు. ఉన్న రికార్డింగులు కంప్యూటరుకు ఇచ్చి మిగతా మాటలు దానితోనే పలికించమన్నారు. నా దగ్గర రికార్డింగు పని నేర్చుకున్న మా బాలచంద్ర చేసి చూపించాడు. బ్రహ్మాండంగా వచ్చింది. నా చెవులకే తేడా దొరకలేదు. అయినా సుజన, "ఆమెను అడక్కుండా పెట్టను" అంది. ముగ్గురం పాకాల పోయినాము.

బాలచంద్ర ఫోనులో వినిపించాడు. ఆమె కళ్లు మూసుకుని విన్నారు. మళ్లీ పెట్టమని వేలు చూపించారు. రేణిగుంటలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేసే వాళ్ల అబ్బాయి పాల్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కసారిగా ముందుకొచ్చి, "మాయమ్మ మాట పోయి కుమిలిపోతా ఉంటే, ఆ గొంతే ఎత్తకొచ్చి ఆమెకే వినిపిస్తా ఉండారా? మనుషులేనా అబ్బా మీరు?" అన్నాడు. ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టి, ఫోను తీసుకుని నిదానంగా ఏదో కొట్టి సుజనకిచ్చారు. సుజన పైకి చదివింది. "బాగుండాది. నాకంటే బాగా పలికింది. నాకు పోయిన గొంతు అవ్వకు మాత్రం ఎందుకుండాల? ఆమెకూ పోనీ. చేతులుండాయి కదా."

మరునాడు సుజన ఆఖరి మజిలీ అంతా తిరిగి రాయించింది. రాక్షసులు అవ్వ గొంతు ఎత్తుకుపోతారు, అక్కడి నుంచి ఆమె చేతులతోనే దారి చూపుతుంది. బెంగళూరు వాళ్లు కోప్పడి, బేరమాడి, చివరికి ఒప్పుకున్నారు. విడుదల వెనక్కి పోయింది. ఆలస్యం భరించలేక ఇద్దరు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. వాళ్లను తప్పు పట్టను.

నాకు మిగిలిన పని ఆమె చేతుల చప్పుళ్లు. ఒక చెక్క తెప్ప చేయించాము. కృపారాణి గారు దాని మీద కొడుతుంటే నేను చప్పుడు పట్టుకున్నాను, పిల్లలు ఆ చేతులనే కెమెరాతో తీసి తెర మీది అవ్వకు పెట్టారు. అరచేత్తో కొడితే ఆగమని, వేలి కణుపులతో కొడితే రమ్మని, కొంగు విదిలిస్తే నీ ఇష్టం పొమ్మని. ఇన్నేళ్లూ మాటలు రికార్డు చేస్తూ బతికినవాణ్ణి. ఒక అరచేతిలో అంత కోపమూ అంత జాలీ ఉంటాయని... బాలచంద్రా, కాసిని మంచినీళ్లు.

పోయిన నెల కాలేజీ పిల్లలను పిలిచి ఆడించి చూశాము. రూపశ్రీ అనే అమ్మాయి ఆఖరి మజిలీ దాకా వచ్చింది. తెప్పలవ్వ చెక్క మీద కణుపులతో కొట్టి, ఆ అమ్మాయి వైపు చూస్తూ ఉండిపోయింది. మీట నొక్కితే సరిపోతుంది. ఆ అమ్మాయి మీట వదిలేసి, ఎదురుగా ఉన్న బల్ల మీద అట్లాగే కొట్టింది. కృపారాణి గారు ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు. ముందుకు వంగి, అదే బల్ల మీద తానూ కొట్టారు. ఆ పిల్ల తిరిగి ఆ చేతులను చూసి, తెర మీది చేతులను చూసి, "అవ్వా, నువ్వేనా?" అంది. కృపారాణి గారు తలూపారు. నేను రికార్డింగు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. అక్కడ నాకేమీ పని లేదు.

ఈ గేము ఎంతమంది ఆడతారో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆత్రమూ లేదు. నన్ను భరించిన మీ అందరికీ, ఈ శాలువాకూ కృతజ్ఞతలు. కృపారాణి గారూ, ఎప్పుడైనా గొంతు తిరిగొస్తే మైకు ముందుకు మీరు రాక తప్పదు. ఆ రోజు నేనుండను, బాలచంద్ర ఉంటాడు. వాడు మైకు మరీ దగ్గరగా పెడతాడు. కొంచెం వెనక్కి జరిపించండి, మీ ఊపిరికి చోటుండాల.

సెలవు.